నాలుగోసారి చేసిన పన్ను

పిన్నికి మనుషుల ముఖాలు గుర్తుండవు, పళ్ళు గుర్తుంటాయి. పక్కింటావిడ కొత్త బట్టలు కట్టుకుని ఎదురొచ్చి నిలబడితే బట్టలు చూడదు. ఆవిడ నవ్వగానే, కింద ఎడమవైపు ఒకటి బాగా అరిగింది, నిద్రలో పళ్ళు కొరుకుతున్నట్టుంది అని మనసులో అనుకుంటుంది. పెళ్ళికి ముందు ఆయన్ని మొదటిసారి చూసి ఇంటికొచ్చిన రోజున, అబ్బాయి ఎలా ఉన్నాడే అని వాళ్ళక్క అడిగితే "పై వరుస బాగుంది" అంది. ఆ ముక్క ఎలాగో ఆయన చెవిన పడింది. పాతికేళ్ళయింది, ఇప్పటికీ మాటా మాటా అనుకున్నప్పుడల్లా "నువ్వు చేసుకున్నది నన్నా, నా పై వరుసనా?" అని దెప్పుతుంటాడు. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. పిన్ని పళ్ళు చేస్తుంది.

పళ్ళు చేయడమేమిటని కొత్తవాళ్ళు నోరు వెళ్ళబెడతారు. అలా వెళ్ళబెట్టిన నోట్లోకి ఓసారి తొంగి చూసి గానీ పిన్ని జవాబు చెప్పదు. పన్ను విరిగినవాళ్ళకీ పుచ్చినవాళ్ళకీ డాక్టరు మిగిలిన మొదలును సన్నగా చెక్కి, నోటి అచ్చు తీసి ల్యాబుకి పంపుతారు. ఆ అచ్చులో ప్లాస్టర్ పోస్తే రోగి పళ్ళ వరుస బొమ్మ వస్తుంది. ఆ బొమ్మ మీద, చెక్కిన మొదలుకి సరిగ్గా తొడుక్కునేలా పింగాణీ పన్ను కట్టాలి. లోపల గట్టి తొడుగు ఒకటి ఉంటుంది. దాని మీద, అద్దం పలకపై నీళ్ళతో కలిపిన పింగాణీ పొడిని బ్రష్ కొనతో ఇంత ఇంత తీసి, పొర మీద పొర పేర్చి, ఫర్నేసులో కాల్చాలి. కాలిందంటే దాదాపు ఆరో వంతు కుంచించుకుపోతుంది కాబట్టి ముందే లావుగా కట్టాలి. ఎంత లావుగా అన్నది మిగతావాళ్ళకి పుస్తకంలో ఉంటుంది, పిన్నికి వేళ్ళలో ఉంటుంది.

ల్యాబు సైకిళ్ళ షాపు పైన రెండో అంతస్తులో ఉంది. మూడు గదులు. ప్లాస్టర్ గదిలోంచి బయటికి వచ్చినవాళ్ళు కనుబొమ్మల దాకా తెల్లబడి వస్తారు. నడిమి గదిలో నాలుగు బల్లలు, బల్లకో దీపం, దీపం కింద భూతద్దం. చివరి గదిలో ఫర్నేసు. ఆ ఫర్నేసుకి పిన్ని అత్తగారని పేరు పెట్టింది. అది తనంతట తాను కూత పెట్టేదాకా తలుపు తీయకూడదు, తీశారా లోపలున్నది బీటలు వారుతుంది. ఎవరెంత తొందరలో ఉన్నా దానికి లెక్క లేదు. ఈ పేరు సంగతి పిన్ని సొంత అత్తగారికి ఇంకా తెలియదు, తెలిస్తే ఇంట్లో మరో ఫర్నేసు అంటుకుంటుంది.

పిన్ని ఈ పనిలోకి రావడం కూడా చిత్రమే. పందొమ్మిదేళ్ళప్పుడు కింద సైకిళ్ళ షాపుకి బోర్డు రాయడానికి నిచ్చెనెక్కింది. ల్యాబు పెట్టిన పెద్దాయన మెట్ల దగ్గర ఆగి, పావుగంట మెడ ఎత్తి చూసి, "అక్షరాలకి ఆ నీడలు ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాడు. ఎవరూ నేర్పలేదండీ, అలా వేస్తే ఉబ్బెత్తుగా కనిపిస్తాయని వేశాను అంది. సోమవారం నుంచి పైకి రమ్మన్నాడు. పైకి రమ్మని ఏడాదిపాటు పన్ను ముట్టనివ్వలేదు. రంగులే కలిపించాడు. "పన్ను తెల్లగా ఉంటుందని ఎవరన్నారు నీకు? మొదట్లో చూడు, పలచటి టీ. నడుమ మీగడ. కొసకి వచ్చేసరికి నీళ్ళు కలిపిన పాలు" అని గదమాయించేవాడు. పెద్దాయన పోయాడు. ఇప్పుడు ఆయన కొడుకు చిన్న ఓనరు. చిన్న ఓనరుకీ, మిగతా ముగ్గురు పనివాళ్ళకీ, కింద సైకిళ్ళ షాపువాడికీ కూడా ఆమె పిన్నే.

ముప్ఫై ఏళ్ళలో ఎన్ని వేల పళ్ళు చేసిందో ఆమెకే తెలియదు. కానీ వాటిలో ఒక్కదాన్నంటే ఒక్కదాన్ని మనిషి నోట్లో చూడలేదు. రోగి డాక్టరు దగ్గరే ఉంటాడు, ల్యాబుకి వచ్చేది అచ్చు, చీటీ. చీటీలో పన్ను నంబరు, రంగు నంబరు, ఆడో మగో, వయసెంతో, అంతే. పన్ను బాగా కుదిరితే ఏ కబురూ రాదు. కుదరకపోతే పన్నే తిరిగొస్తుంది. అందుకని పిన్నికి కబురు లేకపోవడమే పెద్ద మెచ్చుకోలు. ఆమె చేసినవి తిరిగిరావడమన్నది ఏడాదికి ఒకటో రెండో.

అలాంటిది, ఆ గురువారం పొద్దున్నే ఒక పన్ను మూడోసారి తిరిగొచ్చింది.

పై వరుసలో ముందు పన్ను. ఇరవై ఆరేళ్ళ అమ్మాయిది. మొదటిసారి వచ్చిన చీటీ మీద "సౌకర్యంగా లేదట, మళ్ళీ చేయగలరు" అని ఉంది. సరే, చేసింది. రెండో చీటీ మీద "ఇంకా సరిపోలేదు" అని ఉంది. మూడోదాని మీద ఒకటే మాట, "మళ్ళీ." పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకెక్కదు? ఆ పన్ను మీద ఆమె పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ప్లాస్టర్ బొమ్మ రాగానే భూతద్దం కింద పెట్టి చూస్తే, విరిగిన పన్ను మొదలు కాస్త మెలి తిరిగి ఉంది, పక్కపన్ను మాత్రం నిటారుగా ముత్యంలా ఉంది. పాపం పిల్ల, పుట్టు వంకర కాబోలు అనుకుని, ఎవరూ అడక్కుండానే ఆ వంకరని దిద్దేసింది. పక్కపన్నుకి అద్దం పట్టినట్టు, అదే వెడల్పు, అదే వాలు, అదే నునుపు. రెండోసారి ఇంకా నాజూగ్గా చేసింది. మూడోదైతే చేశాక పది నిమిషాలు చేతిలోనే పెట్టుకుని కూర్చుంది, అంత బాగా కుదిరింది. అదీ తిరిగొచ్చింది!

"పిన్నీ, వదిలెయ్. ఎవరో చాదస్తపు మనిషి అయ్యుంటుంది. ఇంకోటి చేసి పంపేద్దాం" అన్నాడు చిన్న ఓనరు.

"నాలుగోది చేసే ముందు దీనికేం రోగమొచ్చిందో తెలియాలి నాకు" అంది పిన్ని. మూడు పళ్ళూ చిన్న డబ్బాలో వేసుకుంది. ఏమనుకుందో ఏమో, మెత్తటి మైనం పలకా, అచ్చులు తీసే రబ్బరు ముద్దా కూడా సంచిలో పడేసుకుంది. డాక్టరమ్మ క్లినిక్కు వీధికి అవతలి పక్క, నాలుగు భవనాల దూరం. ముప్ఫై ఏళ్ళలో ఆ రోడ్డు ఎన్నిసార్లు దాటిందో, ఆ గుమ్మంలోకి మాత్రం అడుగు పెట్టలేదు.

లోపల బెంచీ మీద నలుగురు కూర్చున్నారు. ఒకాయన దవడ బంతిలా ఉబ్బింది. మూలన కూర్చున్న అమ్మాయి ఒడిలో నల్లటి పెట్టె ఒకటి పెట్టుకుని, దాని మీద మోచేతులు ఆనించి, ఏడవకుండా పంటి బిగువున ఆపుకుంటోంది. డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పుతూ, "ఎవరండీ?" అంటూ బయటికొచ్చింది. ఫోనులో ఎన్నోసార్లు మాట్లాడుకున్న మనుషులే కాబట్టి గొంతు పోల్చడానికి క్షణం పట్టలేదు.

"డాక్టరమ్మగారూ, ఇదిగో మూడు పళ్ళు. వీటిలో ఒక్క తప్పు చూపించండి, ఇక్కడే విరగ్గొట్టేస్తాను" అంది పిన్ని.

"తప్పేం లేదు పిన్నిగారూ. అద్దంలో చూస్తే నాకే కుళ్ళు పుట్టేంత బాగున్నాయి. ఇదిగో, ఈ అమ్మాయి ఊదితేనే తేడా వస్తోంది."

"ఊదడమేంటి?"

మూలనున్న అమ్మాయి లేచి నల్లపెట్టె తెరిచింది. లోపల మెరిసిపోతూ ట్రంపెట్.

"నాది బాకా పనండీ" అంది. "ఊరేగింపుల్లో, షాపుల ప్రారంభాల్లో ఊదుతుంటాను. నగర ఆర్కెస్ట్రాలో ట్రంపెట్‌కి ఒకటే కుర్చీ. అందులో ఉన్నాయన పందొమ్మిదేళ్ళు ఊది ఇప్పుడు మానుకున్నారు. రేపు పదింటికి ఎంపిక. నెల కిందట మెట్ల మీద జారి పన్ను విరగ్గొట్టుకున్నాను. అప్పట్నుంచీ పై స్వరాలు పలకట్లేదు. ఇది పోతే మళ్ళీ ఇంకో పందొమ్మిదేళ్ళు ఆగాలి నేను."

"ఈ సంగతి చీటీలో ఎందుకు రాయలేదండీ?" పిన్ని డాక్టరమ్మ మీదికి తిరిగింది.

"చీటీలో పన్నుకి గడి ఉంది, రంగుకి గడి ఉంది. బాకాకి గడి లేదుగా" అంది డాక్టరమ్మ, నేల చూపులు చూస్తూ.

"ఏదీ, ఊదు" అంది పిన్ని.

ప్లాస్టిక్కు పన్ను ఒకటి తాత్కాలికంగా అమ్మాయి నోట్లో ఉంది, అది కూడా పిన్ని పన్నుని చూసి చేసిందే. అమ్మాయి ఊదింది. కింది స్వరాలు గుండ్రంగా, నిండుగా వచ్చాయి. బెంచీ మీదివాళ్ళు నిటారుగా కూర్చున్నారు. స్వరం మెట్టు మెట్టూ ఎక్కుతూ ఎక్కుతూ పై మెట్టుకి వచ్చేసరికి, సైకిలు ట్యూబు పంక్చరైనట్టు బుస్సుమంది. అమ్మాయి ట్రంపెట్ దించి వేలితో ఆ పన్ను మూల చూపించింది.

"పాత పన్నుకి ఈ మూల లోపలికి తిరిగి ఉండేదండీ. చిన్నప్పట్నుంచీ దాని మీద పెదవి అలా కూర్చుని అలవాటు. ఇప్పుడు దానికి కూర్చోడానికి చోటు లేదు. వంకర పన్నని అందరూ ఏడిపించేవాళ్ళు గానీ, నేను ఊదడం నేర్చుకున్నది దాంతోనే."

పిన్నికి తల తీసేసినట్టయింది. ఆ మెలికను దిద్దిందెవరు? డాక్టరమ్మ అడగలేదు, అమ్మాయి అడగలేదు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉందన్న పొగరు దిద్దింది. అందులోనూ మూడుసార్లు! ప్లాస్టర్ బొమ్మ మొదటిరోజే మొదలు మెలిక చూపించి మరీ చెప్పింది, తనే వినలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వాటి వెనకే ఇంకోటి కూడా మొదలైంది, చెప్పొద్దూ, అది సంతోషం. ముప్ఫై ఏళ్ళకి ఒక పన్ను ఏం పని చేస్తుందో కళ్ళెదురుగా కనబడుతోంది.

"పాత పన్ను ఎలా ఉండేదో ఫోటో ఏదైనా ఉందా తల్లీ?"

"ఏ ఫోటోలోనూ నోరు తెరవలేదండీ. వంకరని చెప్పాగా."

"పోనీలే. నీ పెదవికి గుర్తుంది కదా, అది చాలు" అంది పిన్ని.

సంచిలోంచి మైనం తీసింది. చేతి వేడికే లొంగే మెత్తటి మైనం. డాక్టరమ్మ ప్లాస్టిక్కు పన్నుని కాస్త అరగదీసి ఆరబెడితే, దాని మీద పిన్ని తన చేత్తో మైనం పొర అద్దింది. ఒక మనిషి నోట్లో చెయ్యి పెట్టడం ఆమెకి అదే మొదలు. బొమ్మలకి నాలుక ఉండదు, తడి ఉండదు, వెచ్చటి ఊపిరి ఉండదు. అయినా పని ఆగలేదు.

"ఇప్పుడు ఊదు. బాగా ఊదాలని ఊదకు. పెదవి ఎటు పోతానంటే అటు పోనీ."

ఊదింది. బుస్సుమంది. మళ్ళీ ఊదింది. ట్రంపెట్ మూతి పెదవిని నొక్కుతుంటే పెదవి మైనాన్ని నొక్కింది. ఇరవై సార్లు ఊదింది, ముప్ఫై సార్లు ఊదింది. దవడ ఉబ్బినాయన తన నొప్పి మర్చిపోయి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. నలభయ్యో సారో ఏమో, పై మెట్టు మీద స్వరం ఒక్క క్షణం తళుక్కుమంది.

"ఆగు! కదపకు!" పిన్ని అరిచిన అరుపుకి డాక్టరమ్మ చేతిలోని అద్దం జారి కింద పడింది.

భూతద్దం పెట్టి చూసింది. మైనంలో మూల లోపలికి మెలి తిరిగింది. దాని పక్కన గింజంత కూడా లేని లొత్తు. కొస ఒకవైపు చీమ తలంత దిగింది. అందం మాట ఎత్తడానికి లేదు. పిన్నికి మాత్రం కళ్ళు చెమర్చాయి. రబ్బరు ముద్దని దాని మీద నొక్కి, అది గట్టిపడ్డాక మైనం ఆకారాన్ని అచ్చుగా పట్టుకుంది. "సాయంత్రం ఆరింటికి తెస్తాను" అని మెట్లు దిగింది. రోడ్డు దాటుతుంటే రెండు స్కూటర్లు ఆమెను తిట్టాయి, ఆమెకి వినబడలేదు.

కొత్తగా గట్టి తొడుగు చేయాలంటే ఒక పూటలో అయ్యే పని కాదు. మొదటి రెండు పళ్ళూ క్లినిక్కులో సరిచేయబోయి లోపలివైపు అరగదీసి అరగదీసి, తొడుగులే పలచబడ్డాయి, మళ్ళీ కాలిస్తే ఆగవు. ఇక మిగిలింది మూడోది, పది నిమిషాలు చేతిలో పెట్టుకుని మురిసిన పన్ను. పిన్ని దాన్ని బిగించి పట్టుకుని, రాయి తిప్పి, ముందువైపు పింగాణీనంతా గీసేసింది. తెల్లటి పొడి ఒళ్ళో రాలింది. ఇప్పుడిదొక్కటే తొడుగు. పగిలితే రేపు పదింటికి ఆ పిల్ల ఇంట్లో కూర్చోవాల్సిందే.

చిన్న ఓనరు వచ్చి రబ్బరు అచ్చులోకి తొంగి చూశాడు. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"పిన్నీ, ఇంత వంకర పన్ను మన ల్యాబులోంచి వెళ్తే పరువేం కావాలి?"

"పరువుని నోట్లో పెట్టుకుని ఊదుతుందా ఆ పిల్ల? తప్పుకో, వెలుతురుకి అడ్డం."

తప్పుకున్నాడు. పిన్ని పొడి కలిపింది. టీ రంగు, మీగడ రంగు, నీళ్ళపాల రంగు. బ్రష్ కొన మీద చుక్క తీసి అచ్చుకి ఆనించి పేర్చింది, పల్చటి కాగితం ఆనించి తడి పీల్చింది, మళ్ళీ పేర్చింది. మెలిక ఎంత కావాలో అంతకి కాస్త ఎక్కువే పెట్టింది, ఫర్నేసులో కుంచించుకుపోతుందని. మొదటి కాల్పు అయింది. తగ్గినచోట నింపి రెండో కాల్పు వేసింది. ఫర్నేసు ముందు కాలుగాలిన పిల్లిలా తిరిగింది. కూత పడ్డాక కూడా ఆగి, మెల్లగా పళ్ళెం దింపి చూస్తే, ఎర్రదనం పోయి పన్ను రంగు తేలింది. బీటల్లేవు. "అత్తగారూ, మీరు చల్లగా ఉండాలి" అంది, అంత వేడి ఫర్నేసుని పట్టుకుని.

ఇక అంచులు సరిచేయాలి. చిన్న రాయి తిప్పుతూ, మనసంతా ఆ పై స్వరం మీద పెట్టుకుని, చేతిని దాని మానాన వదిలేసింది. అదే కొంప ముంచింది. ముప్ఫై ఏళ్ళుగా వంకర కనబడితే నునుపు చేసిన చెయ్యి అది. లొత్తు అంచు మీద ఒక్క గీత గీసింది. పిన్ని గబుక్కున రాయి ఆపింది. పోయింది వెంట్రుకవాసి. పోనీ, ఇంతలోనే ఏం మునుగుతుంది అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

ఒకసారి ఊదించి సరిచూసుకుందామని, ఇంకా మెరుపు పూత వేయని ఆ పన్నుతో నాలుగున్నరకే క్లినిక్కుకి వెళ్ళింది. అమ్మాయి పొద్దుట్నుంచీ అక్కడే ఉంది. డాక్టరమ్మ మెత్తటి పేస్టుతో పన్ను నిలబెట్టింది. ట్రంపెట్ లేచింది. స్వరం మెట్లెక్కింది. పై మెట్టు పలికింది! డాక్టరమ్మ చప్పట్లు కొట్టబోయేంతలో, ఆ పైదానికి గొంతులో పొలమారినట్టు స్వరం జీరపోయి విరిగింది. అమ్మాయి మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ విరిగింది.

"ఫర్లేదండీ, చాలావరకు వచ్చేసింది. నేనే సర్దుకుంటాను" అంది అమ్మాయి, నీరసంగా నవ్వుతూ.

ఆ మాటతో పిన్నికి లోపల ఏదో తెగింది. ఈ పిల్ల సర్దుకుంటానంటోంది, తప్పు చేసిన మనిషి నోరు మూసుకుని నిలబడింది.

"నువ్వెందుకు సర్దుకోవాలి? నేను గీశాను తల్లీ" అంది గట్టిగా, బెంచీ మీదివాళ్ళంతా వినేట్టు. "ఆ లొత్తు అంచు నా చెయ్యి గీసేసింది. వెంట్రుకంత. తెలిసీ తెచ్చాను. నాకింకో గంటన్నర ఇవ్వు."

"మళ్ళీ కాలిస్తే పగిలితే?" డాక్టరమ్మ గొంతు తగ్గించి అడిగింది.

పిన్ని అమ్మాయి వైపు చూసింది. నిర్ణయం ఆమెది మరి. అమ్మాయి కాసేపు ట్రంపెట్ మీటలు ఊరికే నొక్కింది. తర్వాత, "ఆ పై స్వరం లేకుండా వెళ్తే నన్నెవరు తీసుకుంటారండీ? కాల్చండి" అంది.

ఆ గంటన్నర సంగతి పిన్ని ఇప్పటికీ చెప్తే చేతులు చూపిస్తూ చెప్తుంది. బ్రష్ కొనకి అంటీ అంటనంత పొడి. ఒక్క చుక్క. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని పెట్టింది. పని ముగించుకున్న ముగ్గురూ ఇళ్ళకి పోకుండా ఫర్నేసు చుట్టూ చేరారు. పరువన్న చిన్న ఓనరే అందరికంటే ముందు నిలబడి, గోళ్ళు కొరుకుతూ నిమిషాలు లెక్కపెట్టాడు. కూత పడింది. ఎవరూ కదల్లేదు. పళ్ళెం మెల్లగా దిగింది. పిన్ని భూతద్దం పెట్టి, ఊపిరి బిగబట్టి, నాలుగువైపులా తిప్పి చూసి, "ఉంది! చెక్కుచెదరకుండా ఉంది!" అని కేక పెట్టింది. ప్లాస్టర్ గది మనిషి గంతేస్తే తలమీది తెల్లపొడి అందరి మీదా పడింది. ఆ తర్వాత మెరుపు పూత, దానికింకో చిన్న కాల్పు. ఈసారి రాయి ముట్టుకోలేదు. ముట్టుకోకూడదని రాయిని చిన్న ఓనరు జేబులో పెట్టేసింది.

ఆరున్నరకి క్లినిక్కులో డాక్టరమ్మ పన్నుని శాశ్వతంగా అతికించింది. అది గట్టిపడి, ఊదవచ్చని డాక్టరమ్మ తల ఊపేదాకా ముగ్గురాడవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అమ్మాయి ఊదింది. అన్ని మెట్లూ ఎక్కింది, ఆ పై మెట్టూ ఎక్కింది, అక్కడ నిలబడింది, దిగి వచ్చింది. పిన్ని ఆమె గడ్డం పట్టుకుని, "ఏదీ, ఈ" అనమంది. పింగాణీ తడితో మెరుస్తోంది. మూల మెలి తిరిగి, పక్కపన్నుతో పోటీ పడకుండా, ఆ నోటికి అచ్చంగా కుదిరిపోయింది. పూర్తయిన తన పన్నుని మనిషి నోట్లో మొదటిసారి చూసిన పిన్ని, ఇంకోసారి, ఇంకోసారి అంటూ ఆమె చేత "ఈ" అనిపిస్తూనే ఉంది.

మర్నాడు పిన్నికి ల్యాబులో చెయ్యి ఆడితేగా. "వెళ్ళు పిన్నీ, నువ్వుంటే మాకూ పని సాగేట్టు లేదు" అని చిన్న ఓనరే తరిమాడు. పిల్లల్ని స్కూలు దగ్గర దింపేసిన ఖాళీ బస్సులో వాళ్ళాయన ఆమెను సంగీతశాల ముందు దింపాడు. "ఆ అమ్మాయి పై వరుస ఎలా ఉందేం?" అని ఆటపట్టించాడు. "వంకరగా ఉంది. ఈ ఊళ్ళో అంత మంచి పై వరుస లేదు" అంది పిన్ని. ఆయన ముఖం మాడ్చుకుని బస్సు తిప్పుకున్నాడు.

ఎంపిక జరిగే హాలు తలుపులు మూసేశారు. బయట నడవాలో పోటీకి వచ్చినవాళ్ళూ, వాళ్ళ తాలూకు మనుషులూ. పోటీకి మొత్తం పదకొండు మంది. లోపల న్యాయనిర్ణేతలకి మనుషులు కనబడకుండా తెర కట్టారట, పేరు లేదు, ముఖం లేదు, నంబరు ఒక్కటే. మన అమ్మాయిది ఏడు. ఆమె లోపలికి వెళ్తూ పిన్ని చెయ్యి ఒకసారి నొక్కి వదిలింది.

పిన్ని పక్కన ఎవరో పెద్దమనిషి, తన కొడుకు కోసం వచ్చినాయన, గొడుగు ఊతంగా నిలబడ్డాడు. తలుపు వెనక ట్రంపెట్ మొదలైంది. పిన్నికి సంగీతం ఏమీ తెలియదు. కానీ ఎక్కడ పెదవి ఎక్కడ ఆనుతోందో ఆమెకి కనబడినట్టే తెలుస్తోంది. ఇదిగో మూల. ఇదిగో లొత్తు. ఇప్పుడు పెదవి అందులో కూర్చుంది. స్వరం ఎక్కుతుంటే ఆమె మునివేళ్ళ మీద లేచింది. పై మెట్టు. దాని పైది. అది పలికింది, పలికి నిలబడింది, నడవాలో మాట్లాడుకునేవాళ్ళంతా చప్పున మాటలాపేశారు. పెద్దమనిషి గొడుగు మీద బరువు మార్చుకుని "ఎవరో గానీ..." అని, పూర్తి చేయకుండా తల ఆడించాడు.

పదకొండు మందీ అయ్యాక తలుపు తెరుచుకోవడానికి ముప్పావుగంట పట్టింది. అమ్మాయి గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. పిన్ని నడవా పొడవునా పచార్లు చేసింది. చివరికి కళ్ళజోడు గుమాస్తా ఒకాయన కాగితం పట్టుకుని బయటికి వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. కాగితం తిరగేసి పట్టుకున్నానని చూసుకుని మళ్ళీ సరిచేసుకున్నాడు. ఆ రెండు క్షణాల్లో పిన్ని ఆయన్ని తిట్టని తిట్టు లేదు.

"ఏడో నంబరు. సోమవారం నుంచి రిహార్సలుకి రావాలి."

అమ్మాయికి అర్థం కాలేదు. తన చీటీ వంక చూసుకుంది, గుమాస్తా వంక చూసింది. పిన్నికి మాత్రం వెంటనే అర్థమైంది. యాభైకి దగ్గరపడిన మనిషి, ఆ నడవాలో అంతమంది మధ్య, ఎగిరి గంతేసి, "వచ్చింది! వచ్చేసింది!" అని హాలు అదిరేలా కేకలు పెట్టింది. కళ్ళల్లోంచి నీళ్ళు జలజలా కారిపోతున్నాయి, తుడుచుకోవాలన్న ధ్యాస లేదు. అప్పటికి అమ్మాయి తేరుకుని పరుగెత్తుకొచ్చి ఆమె మెడ చుట్టేసుకుంది. ట్రంపెట్ ఇద్దరి మధ్యా నలిగింది.

గొడుగు పెద్దమనిషి మంచివాడు. కొడుక్కి రానందుకు ముఖం చిన్నబోయినా, దగ్గరికొచ్చి "మీ అమ్మాయా అండీ?" అని అడిగాడు.

"కాదండీ" అంది పిన్ని, వెక్కుతూనే. "పన్ను మాత్రం నాది."

ఆయన పిన్ని నోటి వైపు చూశాడు, అమ్మాయి నోటి వైపు చూశాడు, ఏమీ అర్థంకాక గొడుగు చంకలో పెట్టుకుని తనూ చప్పట్లు కొట్టాడు.